గాల్వేలో ఒక్క రోజు: మోహర్ క్లిఫ్సా, ఆరన్ దీవా, కానెమారా దారా?

డబ్లిన్‌లో రైలెక్కితే రెండున్నర గంటల్లో ఐర్లండ్ పడమటి తీరాన గాల్వే. స్టేషన్ బయట అడుగు పెడితే ఐర్ స్క్వేర్. అక్కణ్ణుంచి పది, పదిహేను నిమిషాలు నడిస్తే కోరిబ్ నది సముద్రంలో కలిసే చోట స్పానిష్ ఆర్చ్. ఊరంతా కాలినడకన తిరిగేయొచ్చు. తేల్చుకోలేనిదల్లా ఊరి చుట్టూ ఉన్నవాటి గురించే. దక్షిణాన మోహర్ క్లిఫ్స్, పడమట సముద్రంలో ఆరన్ దీవులు, వాయవ్యాన కానెమారా. మూడూ మూడు దిక్కులు, ఒక్కోదానికి ఒక రోజు పూర్తిగా పడుతుంది. వారాంతానికి వచ్చేవాళ్లూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తిప్పేవాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే: ఒక్కటే చూడగలిగితే ఏది?

ఫొటోలు చూసి తేల్చుకోవద్దు. ముందురోజు రాత్రి వాతావరణ శాఖ మెట్ ఏరన్ సూచన తెరిచి గాలి ఎంత ఉందో, మబ్బు ఎంత కిందికి దిగుతుందో చూడండి. గాలి నెమ్మదిగా ఉంటే దీవి. సాయంత్రానికి ఆకాశం తెరిపి ఇస్తుందంటే క్లిఫ్స్. రోజంతా ముసురంటే కానెమారా. తిండి సంగతి కూడా అక్కడే తేలిపోతుంది. ఏ దారిన వెళ్తే ఆ దారిలో పండేది, పట్టేది తినాలి. క్లిఫ్స్‌కి వెళ్లే దారి ఆయిస్టర్లది, కానెమారా దారి మస్సెల్స్ అనే నల్లచిప్పలది, గొర్రెపిల్ల మాంసానిది. దీవిలో గాలికి వణికి వచ్చాక వేడి చౌడర్‌ని, అంటే చిక్కటి చేపల సూపుని మించింది లేదు.

క్లిఫ్స్, దీవుల మధ్య పోలిక దగ్గరే ఎక్కువమంది తడబడతారు. రెండూ సముద్రం మీదికి నిట్టనిలువుగా నిలబడ్డ కొండ అంచులే. ఎత్తులో మోహర్‌దే పైచేయి. ఓబ్రయన్స్ టవర్ దగ్గర 214 మీటర్లు, అంచు పొడవు సుమారు 14 కిలోమీటర్లు. ఆరన్ దీవుల్లో పెద్దదైన ఇనిష్ మోర్‌లో, డూన్ ఏంగస్ అనే పాత రాతికోట దగ్గర అంచు దాదాపు 100 మీటర్లే. అయితే ఎత్తు ఒక్కటే లెక్క కాదు. మోహర్ రాయి పొరలు పొరలుగా పేరుకున్న షేల్ (గట్టిపడ్డ బురదరాయి), ఇసుకరాయి. అంచు ఊరికే పెళ్లలు పెళ్లలుగా రాలిపోతుంది, అందుకే సందర్శకుల దారిని రాతిపలకల గోడ వెనక నుంచి వేశారు. దీవిలో ఉన్నది గట్టి సున్నపురాయి. కోట లోపలి ఆవరణ నేరుగా అంచు దగ్గర ఆగిపోతుంది, కంచె లేదు. బోర్లా పడుకుని తల మాత్రం బయటపెట్టి కిందికి చూస్తే అలలు కొండ పునాదిని తొలుస్తున్న చప్పుడు ఛాతీకి తెలుస్తుంది. ఇది మోహర్‌లో దొరకదు. పిల్లలుంటే మాత్రం ఇదే పెద్ద చిక్కు. చెయ్యి వదలడానికి వీల్లేదు. నిలబడి సెల్ఫీ తీసుకునేటప్పుడు అసలు ప్రమాదం జారడం కాదు, ఉన్నట్టుండి విసిరే గాలి.

దీవికి వెళ్లే పద్ధతి ఇది. గాల్వే నుంచి పడవ కంపెనీ బస్సు రోసవీల్ రేవుకు తీసుకెళ్తుంది. దూరం 37 కిలోమీటర్ల వరకు, గంట పట్టొచ్చు. అక్కణ్ణుంచి పడవలో 40, 45 నిమిషాలు. బస్సు టికెట్టు పడవ టికెట్టుతో రాదు, విడిగా తీసుకోవాలి. చాలామంది ఇది మర్చిపోయి ఉదయాన్నే హడావుడి పడతారు. వేసవిలో గాల్వే రేవు నుంచే నేరుగా గంటన్నర ప్రయాణంతో ఒక పడవ ఉంటుంది. తిరుగు ప్రయాణంలో అది మోహర్ క్లిఫ్స్ కిందుగా వస్తుంది. రెండూ ఒకే రోజున చూడాలనే పట్టుదల ఉంటే ఇదొక్కటే సబబైన మార్గం. కాకపోతే దీవిలో గడిపే సమయం తగ్గుతుంది, సముద్రం మీద గడిపేది పెరుగుతుంది. వాంతులయ్యేవాళ్లు ఎక్కడానికి అరగంట, గంట ముందే మాత్ర వేసుకుని కింది అంతస్తులో వెనకవైపు కూర్చోవాలి. ఊపు మొదలయ్యాక వేసుకున్న మాత్ర అంతగా పనిచేయదు. గాలి హెచ్చరిక ఉన్న రోజున పడవలు రద్దయ్యే అవకాశం ఉంది. ఒకవేళ నడిచినా, ఎదురుగాలిలో సైకిలు తొక్కడం శిక్షే.

దిగిన చోటు కిల్‌రోనన్. కోట అక్కణ్ణుంచి ఏడెనిమిది కిలోమీటర్లు. రేవు పక్కనే సైకిళ్లు అద్దెకిస్తారు. రెండు రోడ్లున్నాయి. పైరోడ్డు ఎగుడుదిగుడు, తీరం వెంబడి వెళ్లే కిందిరోడ్డు చదును. దారిలో సీల్ చేపలు... అలా అనకూడదు గానీ మన నోటికి అదే వస్తుంది, సీల్ జంతువులు రాళ్ల మీద పడుకుని కనిపిస్తాయి. వెళ్లేటప్పుడు కిందిరోడ్డు పట్టుకోండి. టికెట్టు కౌంటరు దగ్గర సైకిలు ఆపాక కోటకు కిలోమీటరు లోపు ఎక్కుడు. చివరి భాగంలో మెట్లు సరిగ్గా ఉండవు, రాళ్లు నునుపుదేరి ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను మినీబస్సులో తీసుకెళ్లొచ్చు, కానీ ఈ ఎక్కుడు వాళ్లు నడవాల్సిందే. ఇది కష్టమనుకుంటే మోహర్ మేలు. అక్కడ చూసే తావుల దాకా చదునైన బాటలున్నాయి, వీల్‌చైర్ కూడా కొంతమేర వెళ్తుంది.

మోహర్ విషయంలో వేళే ముఖ్యం. గాల్వే నుంచి 75 కిలోమీటర్లు, కారులో గంటన్నర. బస్ ఏరన్ 350 నంబరు బస్సు కూడా ఆపుతుంది గానీ ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. కొండల ముఖం పడమటికి. ఉదయం వెళ్తే ఎండ వెనకనుంచి పడుతుంది, రాయంతా నల్లటి నీడ. మధ్యాహ్నం మళ్లాకే పొరల గీతలు వెలుగులోకి వస్తాయి. టూరు బస్సుల రద్దీ పదకొండు నుంచి నాలుగు దాకా. వెలుగు, ఖాళీ రెండూ సాయంత్రానికే కలిసొస్తాయి. జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి పది దాటాకే కాబట్టి తొందరేమీ లేదు. డబ్లిన్ నుంచి తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి తిరిగి చేర్చే ఒకరోజు టూర్లు సరిగ్గా రద్దీ వేళకే దింపుతాయి. ఇన్ని దారుల్లోకీ అన్నిటికన్నా ఆఖరున ఎంచుకోవాల్సింది అదే. ఇక మబ్బు దిగిందా, టికెట్టు కొని తెల్లటి గోడ చూసి రావాల్సిందే. పఫిన్ పక్షుల కోసమైతే ఏప్రిల్ నుంచి జూలై లోపే, బైనాక్యులర్‌తో. ఆగస్టు వచ్చేసరికి అవి సముద్రంలోకి వెళ్లిపోతాయి. పక్క ఊరు డూలిన్ వైపు నుంచి నడిచి రావాలనుకునేవాళ్లు కాలిబాట తెరిచి ఉందో లేదో ముందే చూసుకోవాలి. ప్రమాదాల తర్వాత 2024లో కొంత భాగం మూసేశారు.

ఈ దారిలోనే, గాల్వేకు దక్షిణంగా 20 కిలోమీటర్ల లోపు, క్లారిన్‌బ్రిడ్జ్, కిల్‌కోల్గన్ ఊళ్లున్నాయి. నదుల మంచినీళ్లు గాల్వే అఖాతం ఉప్పునీళ్లలో కలిసే ఈ మూలలే ఆయిస్టర్లకు పుట్టిల్లు. మన ఆల్చిప్పల చుట్టాలే. మెనూలో రెండు రకాలు కనిపిస్తాయి, ధర చూసి కాదు, నెల చూసి ఎంచుకోవాలి. ‘నేటివ్’ అనేది గుండ్రంగా, బల్లపరుపు చిప్పతో ఉండే స్థానిక జాతి. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకానే. వేసవిలో గుడ్లు పెట్టే కాలం గనక అప్పుడు పట్టరు. రాగిపాత్ర నీళ్లు తాగినట్టు ఒక లోహపు రుచి చాలాసేపు నాలుక మీద నిలుస్తుంది. ‘గీగస్’ లేదా ‘రాక్’ అనేది పొడుగ్గా, లోతైన చిప్పతో పెంపకంలో వచ్చేది. ఏడాది పొడవునా దొరుకుతుంది, చవక, ఉప్పగా మొదలై తియ్యగా ముగుస్తుంది. మొదటిసారి తినేవాళ్లకు గీగసే మేలు. అరడజను బదులు మూడు అడగండి. పచ్చివి సయించవనుకుంటే వెల్లుల్లి వెన్నతో కాల్చినవి ఉంటాయి. మనవాళ్లలో ఎక్కువమందికి అవే నచ్చుతాయి. గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు పచ్చివి ముట్టకపోవడమే మంచిది. 1954 నుంచి జరుగుతున్న ఆయిస్టర్ పండుగ సెప్టెంబరు ఆఖరి వారాంతంలో వస్తుంది. ఆ రోజుల్లోనూ, జూలై చివర మొదలయ్యే గుర్రప్పందేల వారంలోనూ గది దొరకడమే గగనం.

వాన రోజుకు కానెమారా అన్నది సర్దుకుపోవడం కాదు. అక్కడ వానే అందం. పీట్ నేలల (కుళ్లిన నాచు, గడ్డి పేరుకున్న చిత్తడి నేలల) గోధుమరంగు తడిస్తే ముదురుతుంది, ట్వెల్వ్ బెన్స్ కొండల మీంచి ఎప్పుడూ లేని ధారలు దిగుతాయి, మబ్బు చీలినప్పుడల్లా ఒక్కో చెరువు మెరుస్తుంది. కారు ఉంటేనే దీని సంగతి. ఎన్59 మీద ఉక్టరార్డ్, మామ్ క్రాస్ దాటి రెసెస్ తర్వాత కుడివైపు ఆర్344లోకి తిరగాలి. ఈనా లోయ గుండా వెళ్లే ఈ కొద్దిపాటి రోడ్డే మొత్తం ప్రయాణానికి గుండెకాయ. అది కైల్‌మోర్ ఆబీ అనే సన్యాసినుల మఠం దగ్గరికి చేరుస్తుంది. తర్వాత లెటర్‌ఫ్రాక్, క్లిఫ్డెన్, స్కై రోడ్, మళ్లీ ఎన్59 మీదుగా ఇంటికి. మనలాగే ఎడమవైపు డ్రైవింగే కానీ రోడ్లు ఇరుకు, అంచున రాతి గోడలు, మలుపు తిరిగితే నడిరోడ్డున గొర్రెలు. అద్దె కార్లలో గేర్లవే ఎక్కువ. ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పుకోవాలి. వాన తెరిపిస్తే లెటర్‌ఫ్రాక్‌లో డైమండ్ హిల్, 442 మీటర్లు. పైదాకా వెళ్లి రావడానికి మూడు గంటలు. శిఖరం మబ్బులో ఉంటే కిందిబాటతో సరిపెట్టుకోవడం తెలివి. జామ్‌నగర్ రాజు, క్రికెటర్ రంజిత్‌సింహ్‌జీ 1920ల్లో ఇక్కడి బాలినహించ్ కోటను కొనుక్కుని చేపలు పట్టుకుంటూ వేసవులు గడిపాడు. ఇప్పుడది హోటల్.

ఇక్కడి కిల్లరీ ఇరుకు అఖాతంలో తాళ్లకు వేలాడదీసి మస్సెల్స్ పెంచుతారు. వెల్లుల్లి, క్రీమ్, తరచుగా వైన్‌తో ఉడికిస్తారు. వైన్ వద్దనుకునేవాళ్లు ముందే చెప్పాలి. ఉడికాక కూడా నోరు తెరవని చిప్పను పక్కన పెట్టేయండి. గొర్రెపిల్ల మాంసం మన మటన్ లాంటిది కాదు. ఏడాదిలోపు లేత మాంసం, మసాలా పెద్దగా ఉండదు. చప్పగా ఉందనిపిస్తే తప్పు వంటవాడిది కాదు. సంచిలో చిన్న ఆవకాయ సీసా ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు.

ఊళ్లో ఉండిపోయే పూటకు పోటీ చౌడర్‌కీ, ఫిష్ అండ్ చిప్స్‌కీ. మధ్యాహ్నానికి చౌడర్ మేలు. పొగబెట్టిన హాడక్, సాల్మన్ చేపలు, మస్సెల్స్, బంగాళదుంపలు, పాలు లేదా క్రీమ్, పక్కన వంటసోడా, మజ్జిగతో పొంగించిన గోధుమరంగు బ్రెడ్డు. గిన్నె చిన్నగా కనిపించినా పూట గడిచిపోతుంది. చెంచా నిలబడేంత చిక్కగా ఉంటే పిండి ఎక్కువైందని అర్థం, చేప తక్కువ. కొందరు తాలింపుకు బేకన్ వేస్తారు. పంది మాంసం తినని వాళ్లు అడగాలి. ఫిష్ అండ్ చిప్స్‌కి కీ స్ట్రీట్‌లో 1902 నుంచి ఉన్న మెక్‌డోనాస్ అందరికీ తెలిసిన చోటు. కాడ్ చేప మెత్తగా పెద్ద రేకులుగా విడిపోతుంది, హాడక్‌లో కాస్త తీపి. పొట్లం కట్టించుకుని స్పానిష్ ఆర్చ్ దాకా మోసుకెళ్తే లోపలి ఆవిరికి పైపూత మెత్తబడిపోతుంది. మూత తెరిచి పట్టుకోండి, వెనిగర్ తినే ముందే చల్లుకోండి, సీగల్స్‌కి వీపు చూపించకండి. గొడ్డుమాంసం తినని వాళ్లు ఏ దుకాణంలోనైనా వేయించేది నూనెలోనా, బీఫ్ కొవ్వులోనా అని అడిగి తీరాలి. కొన్నిచోట్ల కొవ్వే వాడతారు. శాకాహారులకు శని, ఆదివారాల్లో సెయింట్ నికొలస్ చర్చి పక్కన జరిగే సంతే దిక్కు. ఫలాఫెల్, కూరలు, క్రేప్‌లు వేడివేడిగా దొరుకుతాయి.

సాయంత్రానికి సముద్రం ఒడ్డున నడకదారి, సాల్ట్‌హిల్ ప్రొమెనేడ్. విశాఖ బీచ్ రోడ్డులో సముద్రం మీద సూర్యోదయం చూసినవాళ్లు ఇక్కడ సముద్రంలో సూర్యాస్తమయం ఆశిస్తారు. వేసవిలో ఆ ఆశ తీరదు. ఈ తీరం చూసేది దక్షిణానికి. జూన్‌లో సూర్యుడు వాయవ్యంగా నేల మీదే దిగుతాడు, చలికాలంలో నైరుతికి జరిగి నీటివైపు వస్తాడు. చివరిదాకా నడిచి, ఈతగాళ్లు సముద్రంలోకి దూకే బ్లాక్‌రాక్ బురుజు దాటాక అడ్డొచ్చే గోడను కాలితో ఒక తన్ను తన్ని వెనక్కి తిరగడం ఊరివాళ్ల ఆనవాయితీ. వెలుగు ఉంది కదా అని అక్కడే కూర్చుండిపోవద్దు. ఆకాశం తెల్లగా ఉన్నా రాత్రి తొమ్మిదింటికి చాలా పబ్బుల్లో వంటిల్లు మూసేస్తారు.