పది పెల్లెట్ల ఎయిర్ రైఫిల్ మేగజీన్: రెండు ఎండాకాలాల తర్వాత

పీసీపీ ఎయిర్ రైఫిల్ (సిలిండర్‌లో నింపిపెట్టిన గాలి ఒత్తిడితో కాల్చే తుపాకి) మేగజీన్‌లో, అంటే గుళ్లు నింపే డబ్బీలో, పెల్లెట్ (చిన్న సీసపు గుండు) ఇరుక్కుందంటే చాలు, వరంగల్‌లో ఎవరిని అడిగినా ఒకటే మాట: "స్ప్రింగ్ లూజైందన్నా, ఇంకో చుట్టు బిగించు." నా కోపమంతా ఈ సలహా మీదే. రెండేళ్లలో ఈ మేగజీన్ పెట్టిన తిప్పల్లో స్ప్రింగ్ తప్పు ఒక్కసారీ లేదు. తప్పంతా స్ప్రింగ్ బలంతో తిరిగే పెల్లెట్ల చక్రం చుట్టూ గాడిలో ఉండే సన్నటి ఓ-రింగ్‌ది, అంటే రబ్బరు ఉంగరానిది.

0.177 అంగుళాల (4.5 మి.మీ.) బోరు, అంటే నాళం లోపలి వ్యాసం; పది గుళ్లు, పైన అద్దంలాంటి ప్లాస్టిక్ మూత. ఈ రకం అందరూ చూసిందే. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మి.మీ. బోరు దాటినా, 20 జౌల్స్ శక్తి దాటినా లైసెన్సు కావాలి. అందుకే మనవాళ్ల చేతుల్లో ఎక్కువగా ఉండేది ఈ బోరే. చిన్న పెల్లెట్ కదా, వెనక గంటలా విచ్చుకునే స్కర్ట్ బాగా పల్చగా ఉంటుంది. గోటితో నొక్కినా సొట్ట పడుతుంది.

ఓ-రింగ్ పని ఏమిటో చాలామందికి తెలియదు. చక్రం చుట్టూ ఉన్న గాడిలోంచి అది ప్రతి రంధ్రంలోకీ వెంట్రుకవాసి తొంగి చూస్తుంది. పెల్లెట్ నడుము దగ్గర ఆనుకుని, అది ముందుకూ వెనక్కూ జారకుండా పట్టుకుంటుంది. మే నెలలో కారు డిక్కీలో వదిలేసిన మేగజీన్‌లో ఆ రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. మొదటి ఎండాకాలం ఏమీ తెలియలేదు. రెండో ఎండాకాలం అయ్యాక ఆగస్టులో మొదలైంది అసలు గొడవ.

మొదటి గుర్తు లోడింగ్‌లోనే కనిపిస్తుంది. మూతను స్ప్రింగ్‌కు ఎదురుగా చివరిదాకా తిప్పి పట్టుకుని, మేగజీన్ తిరగేసి, మొదటి పెల్లెట్‌ను వెనక రంధ్రంలోంచి స్కర్ట్ ముందుగా దూర్చాలి. చక్రం వెనక్కి తిరగకుండా ఆపేది ఆ ఒక్క పెల్లెటే. తర్వాత మేగజీన్‌ను మళ్లీ తిరగేసి, మూతను ఒక్కో గడి వదులుతూ మిగతా తొమ్మిదింటినీ తల ముందుగా వేయాలి. రింగ్ పట్టు పోతే నాలుగోదో ఐదోదో వేస్తుండగా మొదటిది జారి కింద పడుతుంది, చక్రం గిర్రున తిరిగిపోతుంది. వేసినవన్నీ మళ్లీ మొదటినుంచీ. దీన్ని చూసే అందరూ స్ప్రింగ్‌ను అనుమానిస్తారు.

రెండో గుర్తు ప్రమాదకరం. రైఫిల్ కదిలినప్పుడు ఏదో ఒక పెల్లెట్ అర మిల్లీమీటరు వెనక్కి జారుతుంది. స్కర్ట్ అంచు చక్రంలోంచి బయటికి వచ్చి మేగజీన్ ఒంటికి రాసుకుంటుంది. చక్రం పూర్తిగా తన గడిలోకి రాక, కాస్త ముందే ఆగుతుంది. రంధ్రం ప్రోబ్‌కు (పెల్లెట్‌ను నాళంలోకి నెట్టే, బోల్ట్ ముందున్న పుల్లకు) ఎదురుగా లేకపోయినా మనం చేత్తో జరిపే బోల్ట్‌ను బలంగా తోస్తాం. ప్రోబ్ స్కర్ట్‌ను పక్కనుంచి కోసేస్తుంది. పెల్లెట్ తల బ్రీచ్‌లోకి (నాళం వెనక కొసలోకి) పోతుంది, సీసపు రేకు ఉంగరంలా చక్రానికీ ఒంటికీ మధ్య మిగిలిపోతుంది. అప్పట్నుంచి చక్రం తిరగదు. ఇప్పుడు స్ప్రింగ్‌ను ఇంకో చుట్టు బిగించారనుకోండి, ఆ రేకు మరింత గట్టిగా ఇరుక్కుంటుంది. బిగువు ఎక్కువైన చక్రం ప్రోబ్‌ను పక్కకు నెడుతుంది కాబట్టి బోల్ట్ కూడా బరువెక్కుతుంది.

ఇరుక్కున్నప్పుడు చేయాల్సింది ఇది. నాళం ఇసుక బస్తా వైపే ఉండాలి. బోల్ట్‌ను మళ్లీ వెనక్కి లాగి ముందుకు తోయకండి. ఆలోగా చక్రం కదిలితే ఇంకో పెల్లెట్ వెళ్లి మొదటిదాని వెనకే కూర్చుంటుంది. బోల్ట్‌ను ఉన్నచోటు నుంచే నెమ్మదిగా ముందుకు ఒత్తి చూడండి. పెల్లెట్ కూర్చుంటే ఇసుకలోకి కాల్చేసి మేగజీన్ తీయండి. కూర్చోకపోతే ముందు మాన్యువల్‌లో ఉన్నట్టు డీకాక్ చేయాలి (కాల్చడానికి బిగిసి ఉన్న సుత్తిని పేలకుండా దించాలి). ఆ పని అవకపోతే సిలిండర్ గాలి ఖాళీ చేయాలి. ఈ రెండింటిలో ఒకటి పూర్తికాకుండా నాళంలోకి క్లీనింగ్ రాడ్ పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఆ తర్వాతే ముందునుంచి రాడ్‌తో మెల్లగా వెనక్కి నెట్టాలి.

మేగజీన్ విప్పేటప్పుడు ఫోటో తీసుకోండి. స్ప్రింగ్ కాలు ఏ రంధ్రంలో ఉందో, ఎన్ని చుట్లు వదులైందో రాసుకోండి. మధ్య స్క్రూ కొన్నింటిలో ఎదురు మరది. రాకపోతే అటువైపు తిప్పి చూడాలి తప్ప బలం వాడితే తల అరిగిపోతుంది. సీసపు రేకును పదునైన అగ్గిపుల్లతో తీయాలి. సూది వాడితే రంధ్రం గోడల మీద గీతలు పడతాయి.

కొత్త రింగ్ కోసం రైఫిల్ విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయా అని వెతకక్కర్లేదు. వాచీ రిపేర్ చేసేవాళ్ల దగ్గరా, మోటార్లకు సీళ్లు అమ్మే దుకాణాల్లోనూ రకరకాల సైజులుంటాయి. పాత రింగ్‌ను కొలతకు తీసుకెళ్లకండి, అది సాగిపోయి ఉంటుంది. చక్రం గాడిని వెర్నియర్‌తో కొలిచి, లోపలి వ్యాసం కొంచెం తక్కువ ఉన్నది తీసుకోండి. దీనికి 1 మి.మీ. మందం సరిపోయింది. మొదట వేసిన 1.5 మి.మీ.ది చూడ్డానికి బాగానే కూర్చుంది కానీ, పెల్లెట్ దిగేటప్పుడు పక్కనుంచి సీసాన్ని చెక్కేసింది. మూత మీద బూడిదరంగు పొడి కనబడ్డాక గానీ ఆ సంగతి తెలియలేదు. సరైన రింగ్‌కు పరీక్ష సులువు: పది పెల్లెట్లూ వేసి, మేగజీన్‌ను తిరగేసి అరచేతి మీద రెండు దెబ్బలు కొట్టాలి. ఒక్కటీ రాలకూడదు. అగ్గిపుల్ల మొద్దు కొనతో తోస్తే మాత్రం తేలిగ్గా కదలాలి.

నూనె విషయంలో ఒక జాగ్రత్త. మేగజీన్‌కు కుట్టుమిషన్ నూనె వద్దు, అది దుమ్మును పట్టుకుంటుంది. నల్లటి నైట్రైల్ రబ్బరు రింగ్‌కు సిలికాన్ నూనె చుక్కలో పావు వంతు, అదీ తుడిచేసి. రింగే సిలికాన్ రబ్బరుదైతే ఆ నూనెకు ఉబ్బుతుంది, పొడిగానే ఉంచాలి. పెట్రోల్, థిన్నర్ మూతకు తగలకూడదు, పాలీకార్బొనేట్‌లో సన్నటి పగుళ్లు వస్తాయి. సబ్బునీళ్లు చాలు. కరీంనగర్ వైపు గ్రానైట్ దుమ్మూ, పత్తి సీజన్‌లో జిన్నింగ్ మిల్లుల దగ్గర ఎగిరే నూగూ చక్రం ఇరుసుకు చుట్టుకుంటాయి. అలాంటిచోట ఉండేవాళ్లు నెలకోసారి విప్పాల్సిందే.

పెల్లెట్లనూ ఏరుకోవాలి. గాజుపలక మీద ఒక్కోటి దొర్లిస్తే మంచిది చక్కగా వంపు తిరిగి పోతుంది, సొట్టది ఎగురుతూ పోతుంది. చిన్న సొట్టైతే చెక్కిన పెన్సిల్ కొనను స్కర్ట్‌లోకి పెట్టి ఒకసారి తిప్పితే గుండ్రమవుతుంది. 8.4 గ్రెయిన్ల బరువున్న గుండుతల పెల్లెట్లతో ఇబ్బంది లేదు. 13 గ్రెయిన్ల పొడుగువి చక్రం మందాన్ని దాటి బయటికొస్తాయి, ఈ మేగజీన్‌లో వాటికి చోటే లేదు. పెల్లెట్లను నోట్లో పెట్టుకుని లోడ్ చేసేవాళ్లున్నారు, అది సీసం. చేతులు కూడా సబ్బుతో కడుక్కోవాలి.

ఇంకెన్ని మిగిలాయో మూతలోంచే కనబడతాయని కొత్తలో అందరికీ గొప్పగా చెప్పాను. రెండేళ్లకు ఆ మూత మసకబారింది, ఇప్పుడు లెక్క నోటితోనే. లోడింగ్ వేగంగా అవుతుందని అప్పుడు చెప్పిన మాట మాత్రం నిజమే, రింగ్ బాగున్నంతకాలం.

10 మీటర్ల పోటీలకు సాధన చేసేవాళ్లకు ఇది అక్కర్లేదు. అక్కడ ఒక్కో పెల్లెట్టే వేయాలి, ఒంటి గుండు ట్రే కొనుక్కోవడం మంచిది. ఇంటి వెనక స్థలంలో ఇసుక బస్తా పెట్టుకుని, చిన్న చిన్న విడిభాగాలు విప్పే ఓపిక ఉన్నవాళ్లకైతే తీసుకోమనే అంటాను. రెండో మేగజీన్ కొనాలనుకునేవాళ్లు మాత్రం ముందు ఒక రింగ్ మార్చి, పది గుళ్లు వేసి, తిరగేసి కొట్టి చూడండి.