కొత్త దేశాల్లో ఒంటరిగా రైలెక్కితే

మా అమలాపురం వాళ్లం రైలెక్కాలంటే ముందు బస్సెక్కి రాజమండ్రి పోవాలి. అలాంటి ఊరి దాన్ని, కొన్నేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్, జార్జియా, ఆర్మేనియాల్లో ఒంటరిగా రైళ్లలో తిరుగుతున్నాను. నాలుగూ 1991లో సోవియట్ యూనియన్ నుంచి విడిపోయిన దేశాలే. "ఒక్కదానివే ఎలా తిరుగుతావే?" అని మా పెద్దమ్మ ఇప్పటికీ అడుగుతుంది. స్కూల్లో తోటి టీచర్లదీ అదే ప్రశ్న.

నా అనుభవంలో ఒంటరి ఆడవాళ్లకి అక్కడి రాత్రి రైలు మంచిదే. అందులోనూ ప్లాట్స్‌కార్ట్ బోగీ. మన స్లీపర్ క్లాసు లాంటిదే: 54 బెర్తులు, మధ్యలో తలుపుల్లేవు, సైడ్ లోయర్, సైడ్ అప్పర్ కూడా ఉంటాయి. కూపే అయితే నలుగురికో గది, తలుపేసుకోవచ్చు, ఖరీదెక్కువ. ముక్కూ మొహం తెలియని ముగ్గురితో తలుపేసిన గదిలో కంటే పదిమంది కళ్లెదుట పడుకోవడమే నాకు ధైర్యం. బోగీకో అటెండరు ఉంటారు, నాకు చాలాసార్లు ఆడవాళ్లే తగిలారు. ఎక్కేటప్పుడే పాస్‌పోర్టూ టికెట్టూ చూస్తారు, ఉతికిన దుప్పట్లిస్తారు, దిగే స్టేషన్ రాకముందే లేపుతారు.

బోగీ చివర బాయిలర్లో వేణ్నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. శాకాహారులకి అదే పెద్ద దిక్కు. ఇన్‌స్టంట్ ఉప్మా, అటుకులు, కందిపొడి పట్టుకెళ్తాను. ఉజ్బెక్ రొట్టెలో ఆవకాయ అద్దుకు తింటే ఇంకో కూర అక్కర్లేదు. ఆత్రేయపురం పూతరేకులు తప్పకుండా తీసుకెళ్తాను. ఒకసారి ఎదుటి బెర్తు ముసలావిడకి ఒకటిచ్చాను. అది చుట్టిన కాగితమనుకుని ఆవిడ గోటితో అంచు నెమ్మదిగా ఊడదీస్తోంది. నేను ఇంకోటి కొరికి చూపించాను. బెల్లం, నెయ్యి నాలుక్కి తగలగానే మిగిలిన సగం మనవరాలి కోసమని రుమాల్లో కట్టుకుంది. నాకు భాష రాదు, ఆమెకూ నా భాష రాదు. తెల్లారేదాకా నా బ్యాగు ఆవిడే కాపలా కాసింది.

ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్ నుంచి సమర్‌కండ్‌కి అఫ్రోసియాబ్ అనే హైస్పీడ్ రైలుంది. 344 కిలోమీటర్లు రెండు గంటల చిల్లరలో లాగేస్తుంది. శుభ్రంగా, హాయిగా ఉంటుంది. కానీ పక్కవాళ్లతో మాట కలిసేలోపే ఊరొచ్చేస్తుంది.

నన్ను మళ్లీ మళ్లీ లాక్కెళ్లేది మాత్రం ఆ పట్టాలే. అవి వేసినప్పుడు మధ్యలో ఈ దేశ సరిహద్దులు లేవు. తాష్కెంట్ నుంచి ఉజ్బెకిస్తాన్ తూర్పున ఉన్న ఫెర్గానా లోయకి వెళ్లే పాత లైను తజికిస్తాన్ మీదుగా పోయేది. దేశాలు వేరయ్యాక తమ ఊరు నుంచి తమ ఊరికి వెళ్లడానికే పరాయి దేశం దాటాల్సొచ్చేది. ఇల్లు పంచుకున్న అన్నదమ్ములు వీధిలోకి వేరే దారి తీసుకున్నట్టు, ఉజ్బెకిస్తాన్ తన గడ్డ మీదే, తాష్కెంట్ వైపున్న అంగ్రెన్ నుంచి లోయలోని పాప్‌కి కొత్త లైను వేసుకుంది. అందులో 19.2 కిలోమీటర్ల కామ్‌చిక్ సొరంగం 2016లో తెరిచారు. లోపల పావుగంటసేపు కిటికీలో మన మొహం తప్ప ఏమీ కనబడదు. కోటిపల్లి-నరసాపురం లైను కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న కోనసీమ మనిషిని, ఆ పావుగంటా నాకు గుండె బరువెక్కుతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. జార్జియా రాజధాని టిబిలిసి నుంచి ఆర్మేనియా రాజధాని యెరెవాన్ వెళ్లే రాత్రి రైల్లో నిద్ర మీద ఆశ పెట్టుకోవద్దు. సదాఖ్లో అనే సరిహద్దు స్టేషన్ దగ్గర జార్జియా వాళ్లు, అది దాటాక ఆర్మేనియా వాళ్లు పాస్‌పోర్టులు చూస్తారు. మన పాస్‌పోర్టు తిరగేయడానికి ఎక్కువసేపు పడుతుంది, టెన్షన్ తప్పదు. ఈ-వీసా ప్రింటు చేతిలో ఉంచుకోండి. పాత బోగీల్లో ఏసీ ఉండదు, చాలా కిటికీలు తెరుచుకోవు. మే నెల ఉక్కపోతకి అలవాటుపడ్డ నాకే జులైలో ఊపిరాడలేదు. స్టేషన్ వచ్చే ముందు టాయిలెట్లకి తాళం వేస్తారు.

టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఒక ఏజెంటు నా ఇంటిపేరొక్కటే వేసి పంపితే, అటెండరు నన్ను మెట్ల దగ్గరే ఆపేసింది. రైలు కదిలే ముందు గానీ ఎక్కనివ్వలేదు. భీమవరం టౌన్, భీమవరం జంక్షన్ ఉన్నట్టే కజకిస్తాన్‌లోని అల్మాటీకీ రెండు స్టేషన్లు. ఊళ్లో ఉండేది అల్మాటీ-2, అల్మాటీ-1 ఊరికి దూరం. ఏది రాసుందో చూసుకుని టాక్సీ ఎక్కండి.

కజకిస్తాన్‌కి 2022 నుంచి మనకి 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు. ఉజ్బెకిస్తాన్‌కి ఈ-వీసా ఆన్‌లైన్లో వస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు తాష్కెంట్ నుంచి ఆ సొరంగం మీదుగా ఫెర్గానా లోయలోని అండిజాన్‌కి పగటి రైలెక్కండి. కిటికీ సీటే అడగండి, వీలైతే సెప్టెంబర్లో వెళ్లండి.