ర్యాక్‌కి ఎర్తింగ్ ఇచ్చామన్నారా? సాకెట్ విప్పించి చూశాకే డబ్బులివ్వండి

సీసీ కెమెరాలు, వైఫై కొత్తగా పెట్టించుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి.

తెనాలిలో మా బావగారి బట్టల షాపులో గోడకి చిన్న ర్యాక్ (తలుపున్న ఇనుప పెట్టె) బిగించారు. లోపల ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డర్), నెట్ కేబుళ్లు గుచ్చే 8 పోర్టుల స్విచ్, ఫైబర్ మోడెమ్. బిల్లులో "ఎర్తింగ్ - 2,500" అని విడిగా రాశారు. వచ్చినబ్బాయి మా ముందే మీటర్ పెట్టి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టులు చూపించాడు. ఇంకేం కావాలనుకుని మొత్తం ఇచ్చేశాం.

రెండు నెలలకి ఒక పొద్దున ఫ్యాన్ ఆగిపోయింది, ర్యాక్‌లో లైట్లూ లేవు. కరెంటు పోయిందనుకుని, నేల తుడుస్తున్న కుర్రాడు తడిచేత్తో ర్యాక్ తలుపు పట్టుకున్నాడు. విసిరికొట్టింది. బట్టల మూటల మీద పడ్డాడు కాబట్టి బతికిపోయాడు. టెస్టర్ పెడితే ఆ తలుపు మీద భేషుగ్గా వెలుగుతోంది!

మా వీధి ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి సాకెట్ విప్పాడు. ఎర్త్ వైరే లేదు. న్యూట్రల్ (కరెంటు వెనక్కి పోయే వైరు) నుంచి ఎర్త్ కన్నానికి వేలెడంత ఎర్ర వైరు ముక్క కలిపి ఉంది, అంతే. మీటర్‌లో 230 రాక ఏమవుతుంది, అవతల ఉన్నది న్యూట్రలే కదా. బోర్డులో న్యూట్రల్ స్క్రూ వదులై ఊడేసరికి, ఫ్యాన్ గుండా వచ్చిన ఫేజ్‌కి వెనక్కి పోయే దారి లేక ఆ ముక్క మీదుగా ర్యాక్ ఒంటికెక్కింది. షాపులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) కూడా లేదు, అది మా తప్పే.

మీటర్‌తోనే ఈ మోసం పట్టొచ్చట. ఐరన్ బాక్సు లాంటి బరువైన లోడ్ నడుస్తుండగా అదే సాకెట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడమనండి. నిజమైన ఎర్త్ ఉంటే ఒకటో రెండో వోల్టులు కనబడతాయి. లోడ్ ఎంత పెట్టినా సున్నా దగ్గరే ఉంటే అనుమానించి, మెయిన్ ఆపించి సాకెట్ విప్పించండి. మీరు మాత్రం వేలు పెట్టొద్దు.

కొందరు ర్యాక్ కోసం వేరే ఎర్త్ రాడ్ నేలలో పాతి వదిలేస్తారు. అదీ ఒప్పుకోకండి. బిల్డింగ్ ఎర్త్‌తో కలపకపోతే దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజ్ తేడా అంతా మీ స్విచ్ పోర్టుల మీదుగానే పోతుంది. మాకు ఇప్పుడు ఎలక్ట్రీషియన్ షాపు వెనక బొగ్గు, ఉప్పు వేసిన పాత ఎర్త్ గుంట నుంచే ఆకుపచ్చ వైరు లాగాడు. ర్యాక్ మీద పెయింట్ గీకి మరీ బిగించాడు, పెయింట్ మీద బిగిస్తే కనెక్షనే ఉండదని.

పెట్టినవాళ్లకి ఫోన్ చేస్తే "అందరికీ అలాగే ఇస్తాం సార్" అన్నారు. ఆ 2,500 ఇంకా మాకు వెనక్కి ఇవ్వలేదు.