పాత ల్యాప్‌టాప్‌కు ఫార్మాట్ మందు కాదు: ఏళ్ల తరబడి వాడాక రాస్తున్న సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలో ఇంటి దగ్గరే తెలుగు డీటీపీ పనులు చేసుకునే నేను, 2014లో కొన్న 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌నే ఇప్పటికీ వాడుతున్నాను. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 4 జీబీ మెమరీ, నిమిషానికి 5400 చుట్లు తిరిగే 500 జీబీ హార్డ్ డిస్క్‌తో వచ్చిన యంత్రమిది. మదర్‌బోర్డు, తెర, కీబోర్డు నేటికీ కొన్ననాటివే. ఇంతకాలం దీనితో పనిచేశాక నేను గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది: పాత యంత్రం నెమ్మదించినప్పుడు ముందు డిస్కు ఆరోగ్యం చూడాలి, ఆ తరువాతే మిగతా ఏ పనైనా.

మొదట మొరాయించింది డిస్కే. ఫైలు తెరవబోతే తెర బిగుసుకుపోయేది. టాస్క్ మేనేజర్‌లో డిస్కు వాడకం నూరు శాతం చూపేది గానీ, చదివే వేగం సెకనుకు ఒక ఎంబీ కూడా ఉండేది కాదు. ఎడమ అరచేతి కింద ఆగి ఆగి టిక్కు టిక్కుమనే చప్పుడు వినబడేది. రిపేరు షాపులో చూపిస్తే "విండోస్ కరప్ట్ అయిందండీ, ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతుంది" అన్నారు. కొట్టారు, కొంతకాలం బాగానే నడిచింది, తరువాత మళ్లీ అదే తంతు.

అలా ఎందుకు జరుగుతుందో వినియోగదారులు తెలుసుకోవాలి. చదవలేకపోయిన సెక్టారును (డేటా రాసే చిన్న గడిని) డిస్కు వెంటనే పక్కన పెట్టదు, అనుమానం ఉన్నదిగా లెక్క రాసుకుంటుంది. ఆ చోట మళ్లీ ఏదైనా రాసినప్పుడే అది పనికొస్తుందో లేదో తేల్చుకుని, పనికిరాకపోతే బదులుగా విడిగా దాచి ఉంచిన సెక్టారును వాడుకుంటుంది. విండోస్ విస్టా నుంచీ ఫుల్ ఫార్మాట్ డిస్కంతటా సున్నాలు రాస్తుంది కాబట్టి, అనుమానం ఉన్నవన్నీ ఒకేసారి తేలిపోయి జబ్బు నయమైనట్టే కనిపిస్తుంది. లోపల డేటా ఉండే, తిరిగే పళ్లెం మాత్రం పాడవుతూనే ఉంటుంది.

ఈ లెక్కలన్నీ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తాయి. 05 వరుస ఇప్పటికే మార్చిన సెక్టార్లను, సీ5 అనుమానంలో ఉన్నవాటిని, సీ6 సరిచేయలేనివాటిని చెబుతాయి. నా డిస్కులో పసుపు రంగులో 'కాషన్' అని కనబడింది, సీ5 వారం వారం పెరుగుతూ వచ్చింది. ఆ అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో (పదికి బదులు పదహారు చొప్పున లెక్కించే పద్ధతిలో) ఉంటాయి, అంటే 10 అని కనిపిస్తే 16 అని చదువుకోవాలి. సీ7 పెరుగుతుంటే మాత్రం తప్పు చాలావరకు డిస్కుది కాదు, దానికి తగిలించిన సన్నని కేబులుదో కనెక్టరుదో అయి ఉంటుంది. ఆ అంకె ఎప్పటికీ తగ్గదు గనుక, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి.

సీ5 పెరుగుతున్న డిస్కు మీద, విండోస్‌లో తప్పులు సరిదిద్దే చెక్‌డిస్క్ నడపవద్దని నా మనవి. ఆ కమాండుకు స్లాష్ ఆర్ (/r) జోడిస్తే అది డిస్కు మొత్తాన్ని చదవబోతుంది, బలహీనంగా ఉన్న డిస్కు ఆ శ్రమకే చేతులెత్తేయవచ్చు. ముందు డేటా బయటకు తీయాలి. నేను పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ బూట్ చేసి, పాడైన డిస్కు నుంచి డేటా కాపీ చేసే డీడీరెస్క్యూ వాడాను. అది బాగున్న భాగాలను ముందుగా కాపీ చేసుకుని, మొండికేసిన చోట్లకు తరువాత తిరిగి వస్తుంది. ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైలు పెట్టుకుంటే మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మొదలుపెడుతుంది. కొన్ని పాత పెళ్లిపత్రికల ఫైళ్లు తప్ప అన్నీ దక్కాయి.

తరువాత హార్డ్ డిస్క్ స్థానంలో, తిరిగే భాగాలు లేని 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ వేశాను. పాత డిస్కు మంచి రోజుల్లో సెకనుకు వంద ఎంబీ దాటేది కాదు, ఇది ఐదు వందల దాకా ఇస్తోంది. మెమరీని 8 జీబీ చేశాను. ఈ తరం ల్యాప్‌టాప్‌కు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ రకం మెమరీ కావాలని షాపులో నొక్కి చెప్పాలి, 1.5 వోల్టులది పెడితే ఆన్ కాకపోవచ్చు. మెమరీ చెడినా ఫైళ్లు పాడై, నేరం డిస్కు మీద పడుతుంది, కాబట్టి అనుమానముంటే మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా నడిపి చూడటం మేలు.

మన ఊరి ఎండ, దుమ్ము సంగతి వేరే చెప్పనక్కరలేదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఇది ఉన్నట్టుండి ఆగిపోయేది. అడుగు మూత తీస్తే ఫ్యానుకూ రాగి రెక్కలకూ మధ్య దుమ్మూ నూలుపోగులూ కలిసి కంబళి ముక్కలా పేరుకుని ఉన్నాయి. బయటి నుంచి ఎంత గాలి కొట్టినా అది కదలదు, ఫ్యాను విప్పే తీయాలి. ప్రాసెసర్ వేడిని బయటకు చేరవేసే థర్మల్ పేస్టు కూడా మార్చాక ఆగిపోవడం మానేసింది.

లోపాలూ ఉన్నాయి. 1366 బై 768 తెర పేజీలు కూర్చడానికి ఇరుకు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 ఈ ప్రాసెసర్‌ను అంగీకరించదు. అందుకే డీటీపీ పనిని విండోస్‌లో నెట్ లేకుండా చేసుకుంటూ, బ్రౌజింగుకు మింట్ వాడుతున్నాను. ఎస్‌ఎస్‌డీ పోతే చప్పుడూ చేయదు, కాబట్టి ప్రతి పనీ విడిగా ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉంచుతున్నాను. టచ్‌ప్యాడ్ పైకి లేస్తే మాత్రం ఆలస్యం చేయకండి, బ్యాటరీ ఉబ్బిందని అర్థం.

సెకండ్‌హ్యాండ్‌లో ఇలాంటిది కొనదలచినవారు మెమరీని మదర్‌బోర్డుకే అతికించేసిన సన్నపు మోడళ్లను వదిలేసి, అడుగు మూత సులువుగా తెరుచుకునే దాన్ని ఎంచుకోవాలి. డబ్బు ఇచ్చే ముందు అమ్మేవారి ఎదుటే 05, సీ5, సీ6 అంకెలు తెరిచి చూడాలి.