దుమ్మూ వానా ఓర్చుకునే డాక్యుమెంటరీ కిట్: సెకండ్ హ్యాండ్ జీహెచ్5పై ఒక సమీక్ష

కరెంటు దొరకని చోట్ల రోజుల తరబడి తిరుగుతూ, సామానంతా వీపున మోసుకుంటూ, ఒక్కరో ఇద్దరో కలిసి తక్కువ ఖర్చుతో తీసే డాక్యుమెంటరీకి కెమెరా ఎంచుకునేటప్పుడు బొమ్మ ఎంత అందంగా వస్తుందన్నది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో అవుతుంది. బాగుచేసేవారు దొరకని చోట కెమెరా మొరాయించకుండా పనిచేస్తుందా అన్నది మొదటి ప్రశ్న. ఎదుటి మనిషి చెప్పిన మాట స్పష్టంగా వినబడుతుందా అన్నది రెండోది. చేతిలో ఉన్న డబ్బులో సింహభాగాన్ని కొత్త బాడీ (లెన్స్ లేని కెమెరా) మీద పెట్టేసి, మిగిలిన చిల్లరతో మైకూ బ్యాటరీలూ కొనేవారే ఎక్కువమంది కనిపిస్తారు. నా లెక్క దీనికి తలకిందులుగా ఉంటుంది: బాడీ పాతదే కొని, మిగిలిన డబ్బును శబ్దం మీద, కరెంటు మీద, ఫుటేజ్‌ను భద్రపరిచే ఏర్పాటు మీద పెట్టాలి. ఆ లెక్క ప్రకారం కూర్చిన కిట్ ఇది: పానసోనిక్ లూమిక్స్ జీహెచ్5 బాడీ, అదే సంస్థ తయారుచేసిన 12-60 ఎంఎం ఎఫ్3.5-5.6 లెన్స్, రోడ్ వీడియోమైక్రో మైకు, జూమ్ హెచ్1ఎన్ రికార్డర్.

జీహెచ్5 2017లో మార్కెట్లోకి వచ్చింది. ఆ తరువాత 2021లో జీహెచ్5 రెండో రూపం, 2022లో జీహెచ్6, 2024లో జీహెచ్7 వచ్చాయి కాబట్టి, కొత్తదనం కోరుకునేవారు వదిలేసిన జీహెచ్5లు సెకండ్ హ్యాండ్‌లో సులువుగానే దొరుకుతున్నాయి. వయసు మళ్లినా, డాక్యుమెంటరీకి అవసరమైనవాటిలో ఇందులో లోపించినది తక్కువే. 4కె వీడియోను సెకనుకు 30 ఫ్రేముల వరకు 10-బిట్ 4:2:2 రంగులతో (అంటే మామూలు 8-బిట్ కంటే ఎక్కువ ఛాయలతో, ఎక్కువ రంగు వివరంతో) నేరుగా కార్డులోకే రికార్డు చేస్తుంది. 8-బిట్ ఫుటేజ్‌లో తెల్లబోయిన ఆకాశాన్నీ నల్లబడిన ముఖాన్నీ ఎడిటింగ్‌లో సరిచేయబోతే ఆకాశంలో చారలు తేలుతాయి. 10-బిట్‌లో ఆ బెడద చాలావరకు తప్పుతుంది. మిట్ట మధ్యాహ్నపు ఎండలో తీయడం తప్ప గత్యంతరం లేని ప్రయాణాల్లో ఇది చిన్న సౌకర్యమేమీ కాదు. పైగా ఆ తరం స్టిల్ కెమెరాలు చాలావాటిలో ఉండే 29 నిమిషాల 59 సెకన్ల గడువు దీనికి లేదు. కార్డో బ్యాటరీయో అయిపోయేదాకా రికార్డు చేస్తూనే ఉంటుంది. ఒక పెద్దాయన జ్ఞాపకాల్లో మునిగి మాట్లాడుతున్నప్పుడు కెమెరా తనంతట తాను ఆగిపోతే, ఆ మాటను మళ్లీ అదే ఊపుతో చెప్పించడం ఎవరి తరమూ కాదు.

ఈ 10-బిట్ ఫుటేజ్ విషయంలో ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిలో 4:2:2 10-బిట్ ఫైళ్లను చదవడానికి చాలా కంప్యూటర్ల గ్రాఫిక్స్ చిప్‌లలో ప్రత్యేక ఏర్పాటు ఉండదు. భారమంతా ప్రాసెసర్ మీద పడి, పాత ల్యాప్‌టాప్‌లో క్లిప్పు నత్తనడక నడుస్తుంది. చిన్న సైజు ప్రాక్సీ ఫైళ్లు తయారుచేసుకుని, వాటితో ఎడిట్ చేసి, చివర్లో అసలు ఫైళ్లను జతచేసుకునే ఓపిక ఉన్నవారికే ఈ సౌకర్యం అక్కరకు వస్తుంది. అంత ఓపిక లేనివారు 8-బిట్‌లోనే తీసుకుని, ఎక్స్‌పోజర్‌ను (వెలుగు మోతాదును) అక్కడికక్కడే జాగ్రత్తగా చూసుకోవడం మంచిది.

దుమ్ము, తుంపర సంగతికి వద్దాం. బాడీ కీళ్ల దగ్గర, బటన్ల కింద రబ్బరు సీళ్లు ఉన్నాయి. మైనస్ 10 డిగ్రీల చలి వరకు పనిచేస్తుందని తయారీదారు చెబుతున్నారు. అయితే దుమ్మునూ నీటినీ ఎంతవరకు ఆపుతుందో పరీక్షించి ఇచ్చే ఐపీ రేటింగేదీ దీనికి లేదు. ఐపీ53 రేటింగుతో 2022లో వచ్చిన ఓఎం సిస్టమ్ ఓఎం-1 వంటి కెమెరాలు ఉన్నాయి గానీ, అవి ఈ బడ్జెట్‌కు అందవు. కాబట్టి జీహెచ్5ను తుంపరకు తడిపినా, జడివానలో వదిలేయకూడదు. సీళ్ల గురించి కొనేవారు సాధారణంగా పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. మైకు వైరు గుచ్చాలంటే ఎడమపక్కనున్న రబ్బరు మూతను తెరవాలి. తెరిచిన మూత కింద ఉన్న సాకెట్‌కు ఏ రక్షణా ఉండదు. అంటే బయటి మైకుతో తీస్తున్నంతసేపూ ఆ పక్క నుంచి నీరు లోపలికి పోవడానికి దారి ఉన్నట్టే. వైరు గుచ్చాక మూత చుట్టూ ఒక చిన్న ముక్క గాఫర్ టేపు అంటించి, దాని మీదుగా ప్లాస్టిక్ కవరు తొడగడం నాకు అలవాటు. చూడటానికి అసహ్యంగా ఉన్నా తుంపర ఆగుతుంది.

లెన్స్‌కు సీళ్లు లేకపోతే బాడీకి ఉన్న సీళ్లు సగం వృథా. ఈ 12-60 ఎంఎం లెన్స్‌కు తుంపర, దుమ్ము నిరోధం ఉంది, బరువు 210 గ్రాములే. బ్యాటరీ, కార్డుతో కలిపి 725 గ్రాములుండే బాడీకి దీన్ని తగిలించినా మొత్తం కిలో దాటదు. ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సర్) లెక్కలో ఇది 24 నుంచి 120 ఎంఎం వరకు ఇచ్చే దృశ్యానికి సమానం: ఇరుకు గదిలో కూర్చున్న కుటుంబం మొత్తాన్నీ చూపవచ్చు, దూరాన పనిలో ఉన్న చేతులనూ పట్టుకోవచ్చు. లెన్స్ మార్చే పనే రాదు కనుక దుమ్ములో సెన్సర్‌ను బయటపెట్టే ప్రమాదమూ తప్పుతుంది. ఇసుక నేలల్లో కొన్నాళ్లు తిరిగాక జూమ్ రింగు తిప్పినప్పుడు వేళ్లకు సన్నగా గరగర తగులుతుంది. అప్పుడు గుడ్డతో గట్టిగా రుద్దకుండా, ముందు మెత్తటి బ్రష్‌తో రింగు సందుల్లోని రేణువులను కిందికి దులిపి, ఆ తరువాతే తుడవాలి. లెన్స్ ముందు ఎప్పుడూ ఒక ఫిల్టర్ ఉంటే మంచిది. దీని ఫిల్టర్ సైజు 58 ఎంఎం. ఎండలో షట్టర్‌ను సెకనులో 1/50 వంతు దగ్గర నిలపాలంటే వేరియబుల్ ఎన్‌డీ ఫిల్టర్ (లోపలికి వచ్చే వెలుగును కావలసినంత తగ్గించే అద్దం) ఎలాగూ కావాలి కాబట్టి, ఆ ఒక్కటే రెండు పనులకూ సరిపోతుంది.

ఇక లోపాలు. మొదటిదీ పెద్దదీ ఆటోఫోకస్. ఇది ఫేజ్ డిటెక్షన్ (ఫోకస్ ఎటు, ఎంత కదలాలో నేరుగా కొలిచే పద్ధతి) లేని, కాంట్రాస్ట్ (బొమ్మలోని వెలుగునీడల తేడా) మీద ఆధారపడే పద్ధతి. వీడియోలో నిరంతర ఫోకస్ పెట్టి వదిలేస్తే, మనిషి కదలకుండా కూర్చున్నా వెనకనున్న గోడ లోపలికీ బయటికీ ఊపిరి పీల్చినట్టు కదులుతూ ఉంటుంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్లతో కొంత మెరుగుపడినా ఆ జబ్బు పూర్తిగా కుదరలేదు. దీనికి విరుగుడు ఒకటే: నిరంతర ఫోకస్‌ను మరచిపోవడం. మాన్యువల్ ఫోకస్‌లో పెట్టి, వెనకనున్న బటన్ ఒక్కసారి నొక్కి కంటి మీద ఫోకస్ కుదుర్చుకుని, ఆ పైన రింగు ముట్టుకోకుండా తీయాలి. సెన్సర్ చిన్నది కావడం ఇక్కడ కలిసొస్తుంది. 12 ఎంఎం దగ్గర ఎఫ్4లో తీస్తే, ఫుల్ ఫ్రేమ్‌లో 24 ఎంఎం లెన్స్‌ను ఎఫ్8లో పెట్టినంత లోతు ఫోకస్‌లో ఉంటుంది. మనిషి అడుగు ముందుకో వెనక్కో వేసినా ముఖం మసకబారదు. నడిచే మనిషి వెంట తానూ నడుస్తూ, తెర వైపు చూడకుండా తీయదలచినవారికి మాత్రం ఈ కెమెరా వద్దని నేరుగా చెబుతాను.

రెండో లోపం చీకటి. ఐఎస్ఓ (వెలుగును గ్రహించే సున్నితత్వం) 1600 దాకా ఫుటేజ్ శుభ్రంగా ఉంటుంది, 3200 దగ్గర రేణువులు కనిపిస్తాయి కానీ భరించవచ్చు, ఆపైన ముఖాల్లో రంగు చెదురుతుంది. దీపపు వెలుగులో సంభాషణలే ప్రధానమైన సినిమా అయితే ఎక్కువ వెలుగును లోపలికి వదిలే ఎఫ్1.7 ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) ఒకటి తోడు తీసుకెళ్లాలి. 2018లో వచ్చిన జీహెచ్5ఎస్ చీకట్లో నిస్సందేహంగా మెరుగు. కానీ అందులో చేతి కుదుపులకు ఎదురుగా సెన్సర్‌ను కదిపి బొమ్మను నిలిపే స్టెబిలైజేషన్ లేదు. ట్రైపాడ్ వేసుకునే తీరిక లేని ప్రయాణంలో నేను చీకటి బలాన్ని వదులుకుని స్టెబిలైజేషన్‌నే కోరుకుంటాను. జీహెచ్5లో అది నిలబడి తీసే షాట్లకు దాదాపు ట్రైపాడంత నిలకడ ఇస్తుంది. 12 ఎంఎం దగ్గర నడుస్తూ తీస్తే మాత్రం ఫ్రేము అంచులు జెల్లీలా ఊగుతాయి, అది గమనించుకోవాలి.

ఇదే స్థాయి ఖర్చులో పోటీకి వచ్చేవి లేకపోలేదు. సోనీ జడ్‌వీ-ఇ10 ఆటోఫోకస్‌లో దీన్ని చాలా దూరం వెనక్కి నెట్టేస్తుంది, 343 గ్రాముల బరువుతో తేలిక కూడా. కానీ దుమ్ము నిరోధం లేదు, బాడీలో స్టెబిలైజేషన్ లేదు, రంగు 8-బిట్టే. 2023లో వచ్చిన డీజేఐ ఆస్మో పాకెట్ 3 జేబులో పట్టే 179 గ్రాముల వింత. నడుస్తూ తీసే షాట్లలో దాని గింబల్‌కు (కుదుపులను మోటార్లతో సరిచేసే చేయికి) సాటి లేదు, పెద్ద కెమెరా చూస్తే బిగుసుకుపోయే మనుషుల ముందు ఎంతో మేలు. కానీ బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది, అయిపోతే మార్చుకోలేము. నీటికి తట్టుకోదు, ఆ సన్నని గింబల్ చేయి ఒక్క దెబ్బ తిన్నదంటే కథ అక్కడితో సరి. గోప్రో హీరో కెమెరాల్లో చాలావి విడిగా కవచం లేకుండానే 10 మీటర్ల లోతు నీటిలో పనిచేస్తాయి. వాటిని రెండో కెమెరాగా తప్ప మనుషుల కథకు మొదటి కెమెరాగా వాడలేము. జీహెచ్5 కూడా భారమనిపిస్తే, 2016లో వచ్చిన జీ85 ఉంది: 16 మెగాపిక్సెళ్లు, 8-బిట్ 4కె, దుమ్ము నిరోధం, స్టెబిలైజేషన్ ఉన్నాయి, హెడ్‌ఫోన్ సాకెట్ మాత్రం లేదు. శబ్దాన్ని వినకుండా రికార్డు చేయడం నాకు గుండె దడ కాబట్టి నేను దాని జోలికి పోను. గుడ్డిలో మెల్లగా పనికొస్తుంది.

శబ్దం దగ్గర కక్కుర్తి పడకూడదన్నది ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూసేవారు సర్దుకుంటారు, మాట అర్థం కాకపోతే లేచిపోతారు. మైకుకూ నోటికీ మధ్య దూరం రెట్టింపైనప్పుడల్లా బయలు ప్రదేశంలో నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, చుట్టూ ఉన్న రొద మాత్రం అలాగే ఉంటుంది. కెమెరా మీద కూర్చున్న మైకు ఎంత ఖరీదైనదైనా రెండు మీటర్ల దూరంలో ఈ నియమాన్ని దాటలేదు. వీడియోమైక్రోకు సొంత బ్యాటరీ అవసరం లేదు, కెమెరా ఇచ్చే కొద్దిపాటి కరెంటుతోనే నడుస్తుంది. ఛార్జింగ్ మరచిపోయే అవకాశమే లేని వస్తువు ప్రయాణంలో ఒక వరం. దానితో వచ్చే బొచ్చు తొడుగును ఎప్పుడూ తీయకూడదు. అయినా దాన్ని చుట్టుపక్కల ధ్వనులకూ, హఠాత్తుగా జరిగే సంఘటనలకూ మాత్రమే నమ్ముకోవాలి.

కూర్చోబెట్టి మాట్లాడించేటప్పుడు అసలు పని హెచ్1ఎన్‌ది. దానికి వైరున్న కాలర్ మైకు తగిలించి, మాట్లాడే మనిషి చొక్కా జేబులోనో కొంగు మడతలోనో పెడితే, నోటికి జానెడు దూరం నుంచి గొంతు శుభ్రంగా వస్తుంది. రికార్డింగ్ మొదట్లో కెమెరా ముందు ఒక్క చప్పట్లు కొడితే ఎడిటింగ్‌లో రెంటినీ జతచేయడం నిమిషం పని. వైర్‌లెస్ మైకులు సుఖంగానే ఉంటాయి గానీ, అవి రోజూ ఛార్జింగ్ అడిగే మరో రెండు మూడు వస్తువులు. హెచ్1ఎన్ రెండు ఏఏఏ బ్యాటరీలతో పది గంటల వరకు నడుస్తుందని తయారీదారు లెక్క, ఆ బ్యాటరీలు చిన్న కొట్లలోనూ దొరుకుతాయి. దీని ప్లాస్టిక్ ఒళ్లు చేతితో ముట్టుకుంటే చాలు, ఆ రాపిడి లోపలి మైకుల్లోకి ఎక్కుతుంది. 32 జీబీకి మించిన మైక్రోఎస్‌డీ కార్డు తీసుకోదు. లెవెల్ ముందే సరిచూసుకోకపోతే ఒక్క గట్టి నవ్వుకు శబ్దం పగిలిపోతుంది కనుక హఠాత్తుగా పెరిగే శబ్దాన్ని అణిచే లిమిటర్‌ను ఆన్ చేసే ఉంచాలి. 2024లో వచ్చిన హెచ్1ఎసెన్షియల్ మెల్లటి శబ్దాన్నీ గట్టి శబ్దాన్నీ పగలకుండా పట్టే 32-బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేస్తుంది, లెవెల్ బెంగే ఉండదు. నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టగలిగితే అదే కొనండి.

కరెంటు విషయంలో జీహెచ్5ది పాతకాలపు పద్ధతి: యూఎస్‌బీ వైరు గుచ్చితే బాడీలోని బ్యాటరీ ఛార్జ్ కాదు. జీహెచ్5 రెండో రూపంలో ఆ సౌకర్యం ఉంది. మొదటి దానికి యూఎస్‌బీతో నడిచే విడి ఛార్జర్ కొనుక్కోవాలి. దీని బ్యాటరీ సామర్థ్యం సుమారు 13 వాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే శక్తి కొలత). 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్‌లో 74 వాట్ అవర్లు ఉంటాయి కాబట్టి, మధ్యలో పోయేది పోగా నాలుగు బ్యాటరీలను నింపవచ్చు. బ్యాటరీలు నాలుగు, పవర్ బ్యాంక్ ఒకటి కనీసం ఉండాలి. సోలార్ ప్యానెల్ ఉంటే పవర్ బ్యాంక్‌కే తగిలించాలి. మబ్బు పట్టినప్పుడల్లా కరెంటు తగ్గే ప్యానెల్‌కు కెమెరా బ్యాటరీని నేరుగా అప్పగించకూడదు. విమానంలో ఈ విడి బ్యాటరీలు, పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, 100 వాట్ అవర్ల లోపుంటే సాధారణంగా ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. చలి ప్రాంతాల్లో బ్యాటరీలను ఒంటికి ఆనుకునే లోపలి జేబులో ఉంచుకోవాలి. చలిలోంచి వెచ్చటి గదిలోకి వెళ్లేముందు కెమెరాను గాలి చొరబడని కవరులో మూసిపెడితే, చెమ్మ కవరు మీదే పడుతుంది.

10-బిట్ 4కెలో సెకనుకు 150 మెగాబిట్ల చొప్పున గంటకు సుమారు 67 జీబీ ఖర్చవుతుంది. దీనికి వీ30 (రాసే వేగాన్ని బట్టి ఇచ్చే గుర్తు) కార్డు చాలు. ప్రతి ఫ్రేమునూ విడిగా దాచే 400 మెగాబిట్ల ఆల్-ఇంట్రా మోడ్ గంటకు 180 జీబీ మింగుతుంది, వీ60 కార్డులు అడుగుతుంది; ప్రయాణంలో దాని జోలికి వెళ్లనక్కర్లేదు. రెండు కార్డు స్లాట్లనూ బ్యాకప్ మోడ్‌లో పెట్టి ఒకేసారి రెండింటిలోకి రికార్డు చేయడమే ఈ కెమెరా కొనడానికి ఉన్న బలమైన కారణాల్లో ఒకటి. రోజు ముగిశాక ఒక కాపీని ఎస్ఎస్‌డీలోకి ఎక్కించి, దాన్ని కెమెరా లేని సంచిలో పెట్టాలి. కుదుపుల దారుల్లో తిరిగే పళ్లెం ఉన్న హార్డ్ డిస్క్ వద్దు. ఐపీ65 రేటింగున్న శాంసంగ్ టీ7 షీల్డ్ వంటివి ఈ పనికి తగినవి.

సెకండ్ హ్యాండ్ బాడీ కొనేటప్పుడు అందరూ అడిగే షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలకు షట్టర్ పనిచేసిందన్న లెక్క) వీడియో తీసేవారికి అంత ముఖ్యం కాదు. తెర కీలు వదులైందా, సాకెట్ల రబ్బరు మూతలు చిరిగాయా, లెన్స్ మౌంట్ స్క్రూల తలలు అరిగి ఉన్నాయా అన్నవి ముందు చూడాలి. అరిగిన స్క్రూలంటే ఎవరో విప్పారని అర్థం, విప్పిన బాడీలో సీళ్లను నమ్మలేము. ఆ తరువాత మైకూ హెడ్‌ఫోనూ తగిలించి, రెండు స్లాట్లలో కార్డులు పెట్టి, అరగంటకు మించి ఆపకుండా రికార్డు చేయనివ్వమని అమ్మేవారిని అడగాలి. రికార్డవుతుండగా మైకు ప్లగ్గును వేలితో మెల్లగా కదిపి చూడాలి. హెడ్‌ఫోన్‌లో చిటపట వినబడితే సాకెట్ వదులైనట్టే, ఆ బాడీని ఎంత తక్కువకు ఇస్తామన్నా తీసుకోకూడదు.