డోరేమాన్ జపనీస్ పుస్తకాలు: ఆరేళ్లుగా మా ఇంట్లో

మా తమ్ముడిది టోక్యోలో ఉద్యోగం. 2019లో సెలవులకొస్తూ మా అబ్బాయికని డోరేమాన్ బొమ్మల కథల పుస్తకాలు మొదటి ఆరు తెచ్చాడు. డోరేమాన్ అంటే నోబిత అనే కుర్రాడికి సాయపడటానికి భవిష్యత్తునుంచి వచ్చిన పిల్లి రోబో. అన్నీ జపనీస్. "అక్షరం ముక్క రాదు, వీటితో ఏం చేసుకుంటార్రా?" అన్నాను. మావాడు అప్పటికే ఎడమ అట్ట తెరిచి కథ చివరినుంచి చూస్తున్నాడు. ఇవి కుడినుంచి ఎడమకి చదవాలి.

ఫుజికో ఎఫ్. ఫుజియో వీటిని 1970 జనవరి సంచికలనుంచి పిల్లల పత్రికల్లో గీశారు. పుస్తకాలుగా 1974లో మొదలై 1996 నాటికి 45 వచ్చాయి. అరచేతిలో పట్టే సైజు, లోపల నలుపు తెలుపే. రంగుల టీవీకి అలవాటుపడ్డ పిల్లలు మొదటి వారం పెదవి విరుస్తారు.

భాష సంగతికొస్తే, బొమ్మలే సగం కథ చెప్పేస్తాయి. రెండో పుస్తకంలో బట్టీ రొట్టె ఉంది. పేజీకి అద్ది తింటే పాఠం గుర్తుండిపోతుంది. నోబిత అతిగా మింగి, కడుపు పట్టుకుని పరుగెత్తి, నేర్చుకున్నదంతా పోగొట్టుకుంటాడు. దీనికి అనువాదం ఎందుకు? మాటలమీద నడిచే కథలు మాత్రం మాకు అర్థం కాలేదు. ఫోన్‌లో అనువాదం యాప్ పెడితే నిలువు అక్షరాలకి తికమకపడింది. ఇంగ్లీషు డిజిటల్ ప్రతి కొన్నాం. అందులో నోబిత నోబీ అయ్యాడు, వాణ్ని ఏడిపించే జియాన్ బిగ్ జీ. మావాడు రెండోరోజే మూసేశాడు.

అసలు దెబ్బ ఆరో పుస్తకం చివర్లో తగిలింది. డోరేమాన్ భవిష్యత్తుకి వెళ్లిపోవాలి. అతను బెంగపడకుండా వెళ్లాలని నోబిత ఒంటరిగా జియాన్‌తో తలపడి, ఒళ్లంతా దెబ్బలతో గెలుస్తాడు. నిద్రపోతున్న నోబిత పక్కన డోరేమాన్ కూర్చుని కన్నీళ్లు కారుస్తాడు. ఆ తర్వాత గడిలో తెల్లారింది, అతను లేడు. పుస్తకం అయిపోయింది. "నాన్నా, ఏడోది ఏది?" అని వాడు ఒకటే ఏడుపు. కరోనా వచ్చింది, తమ్ముడు రాలేదు. టైమ్ మెషీన్ చెడిపోయి డోరేమాన్ వెనక్కొచ్చాడని నేనే ఓ కథ అల్లి పడుకోబెట్టాను.

ఏడోది 2022లో చేరింది. అందులో ఒక మందు తాగితే అన్న మాటకల్లా ఉల్టా జరుగుతుంది, ఇక డోరేమాన్ రాడని నోబిత అనగానే వచ్చేస్తాడు. ఫోన్‌లో బాబాయి ఇది విడమరిచి చెబుతుంటే, మావాడు నావైపు అదోలా చూశాడు.

కాగితం మామూలు రకం. బెజవాడ ఉక్కపోతకి అంచులు పసుపెక్కాయి గానీ, ఇన్నిసార్లు తిరగేసినా బైండింగు ఊడలేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద మా సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు కింది అరలో ఉన్న 11 నుంచి 14 వరకూ మునిగాయి. ఫ్యాను కింద ఆరబెట్టాం. పేజీలు అప్పడాల్లా వంకర్లు తిరిగాయి, బురద వాసన ఇప్పటికీ పోలేదు. కొనేవాళ్లు పై అరలోనే పెట్టుకోండి.

ప్రస్తుతం 28 ఉన్నాయి. సంక్రాంతికి ఆ నాలుగూ మళ్లీ తెమ్మంటే తమ్ముడు సూట్‌కేసు బరువు లెక్కలు చెబుతున్నాడు.