140 లైన్లు రాసి 3 లైన్లు పంపాను: ఓపెన్‌బీఎస్‌డీ రివ్యూ

ముందే చెప్పేస్తాను, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు చెవిలో లేకపోతే పని సాగనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఓపెన్‌బీఎస్‌డీ అంటే విండోస్, లైనక్స్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, యూనిక్స్ వంశానిది. అందులో బ్లూటూత్ లేదు. ఒకప్పుడు ఉండేది, అది సరిగ్గా పనిచేయడం లేదు, ఆ డిజైన్‌తో ముందుకు పోలేం అని 2014లో ఆ కోడ్ మొత్తం పీకేశారు. దాని తత్వం సగం అక్కడే తెలిసిపోతుంది. మిగతా సగం తెలియాలంటే అందులోని ఏదో ఒక చిన్న కమాండ్‌కు ప్యాచ్ (కోడ్‌లో ఏ లైన్లు మార్చాలో చూపే ఫైలు) పంపి చూడాలి. నేను పంపాను కాబట్టి ఈ రివ్యూ రాస్తున్నాను. వాల్‌పేపర్లు, స్క్రీన్‌షాట్లు చూపించే రకం రివ్యూ కాదు ఇది.

నేనుండేది తిరుపతి బాలాజీ కాలనీ వైపు. ఉద్యోగం వేరే, దానికీ దీనికీ సంబంధం లేదు. మామిడి సీజన్ వస్తే మాత్రం దామలచెరువులో మా బావ మండీ లెక్కలు నా నెత్తిన పడతాయి. ఏ రైతు ఎన్ని టన్నులు తోలాడు, తరుగు ఎంత, బాడుగ ఎంత, కూలి ఎంత, అడ్వాన్సు ఎంత తీసుకున్నాడు, అన్నీ కాటా చీటీల మీద ఉంటాయి. వాటిని నేను రాత్రిళ్లు మామూలు టెక్స్ట్ ఫైళ్లలోకి ఎక్కించి, చిన్న చిన్న షెల్ స్క్రిప్టులతో (కమాండ్లు వరసగా రాసిపెట్టిన ఫైళ్లతో) కూడికలు వేస్తాను. ఎక్సెల్ ఎందుకు వాడవు అని అడగొద్దు, అడిగినవాళ్లందరికీ చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. దీనికోసమని ఒక పాత థింక్‌ప్యాడ్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బ్యాటరీ గంటన్నర వస్తుందన్నాడు అమ్మినాయన, ఇరవై నిమిషాలకే చల్లబడింది. ఆ షాపును ఇంకోరోజు తిట్టుకుందాం.

ఇన్‌స్టాల్ చేయడం తేలిక. నల్ల స్క్రీన్ మీద ప్రశ్నలు వస్తుంటాయి, సగానికి పైగా ప్రశ్నలకు ఎంటర్ కొడితే చాలు. వైఫై ఫర్మ్‌వేర్ విడిగా దించుకోవాలి, అందుకని మొదటిసారి వైరు దగ్గర పెట్టుకోండి. ఫైర్‌ఫాక్స్ ఉంది, నోటో ఫాంట్ల ప్యాకేజీ వేసుకుంటే అందులో తెలుగు చక్కగా కనిపిస్తుంది. కమాండ్లు కొట్టే టెర్మినల్ ఎక్స్‌టెర్మ్‌లో మాత్రం ఒత్తులు, గుణింతాలు కుదురుగా కూర్చోవు, ఏ అక్షరానికి ఆ అక్షరం విడివిడిగా నిలబడుతుంది. అలవాటు పడాలి, నేను పడ్డాను.

దీనికి డబ్బులు పెట్టినా తప్పులేదు అనిపించేది మాన్ పేజీలు, అంటే ఏ కమాండ్ ఎలా వాడాలో చెబుతూ సిస్టమ్‌తోపాటే వచ్చే మాన్యువల్ పేజీలు. (డబ్బులు అక్కర్లేదు, ఊరికే వస్తుంది, ఇష్టమైతే డొనేషన్ ఇవ్వచ్చు.) వేరే సిస్టమ్‌లలో ఏదైనా సందేహం వస్తే నేను బ్రౌజర్ తెరిచి, పదేళ్ల కిందట ఎవరో ఇచ్చిన జవాబు చదివి, అది నా వెర్షన్‌కు పనికొస్తుందో లేదో తెలియక తల గోక్కునేవాణ్ని. ఇక్కడ మాన్ పేజీ తెరిస్తే అందులో రాసిందే జరుగుతుంది. కోడ్ మారిస్తే మాన్ పేజీ కూడా మార్చి పంపాలి, మాన్ పేజీలో తప్పుంటే దాన్ని కోడ్‌లో తప్పుతో సమానంగా చూస్తారు. సోర్సు కోడ్ ఎలా రాయాలో చెప్పడానికి కూడా స్టైల్ అని ఒక మాన్ పేజీ ఉంది. లైను మొదట్లో జరుపుడు ఎనిమిది గళ్ల ట్యాబ్, కొనసాగింపు లైనుకు నాలుగు స్పేసులు, లైను 80 గళ్లు దాటకూడదు, ఇలా. రాత్రి పదకొండున్నరకు కరెంటు పోయి, ఆ ఇరవై నిమిషాల బ్యాటరీ మీద మాన్ పేజీలు చదువుకున్న రోజులున్నాయి. మా ఆవిడకు మాత్రం చెప్పకండి, ఆ టైమంతా మండీ లెక్కలే చేస్తున్నాననుకుంటోంది.

ఇక ప్యాచ్ సంగతి. అక్షరాలు, పదాలు, లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ కమాండ్ అందరికీ తెలిసిందే. దానికి "తిరుపతి" అని ఇచ్చి సి ఆప్షన్‌తో అడిగితే 21 అంటుంది, అవి బైట్లు. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణం ఒక్కొక్కటి మూడు బైట్లు తింటుంది మరి. ఎమ్ ఆప్షన్‌తో అడిగితే 7 అంటుంది. త, గుడి, ర, కొమ్ము, ప, త, మళ్లీ గుడి. బడికెళ్లే పిల్లవాణ్ని అడిగితే నాలుగే అక్షరాలంటాడు. ఇవి చాలవన్నట్టు స్క్రీన్ మీద ఎన్ని గళ్లు పడుతుందో చెప్పే పట్టికల ప్రకారం సాధారణంగా 5 వస్తుంది, ఎందుకంటే యూనికోడ్ వర్గీకరణలో గుడి జాగా తీసుకోని గుర్తు, కొమ్ము జాగా తీసుకునే గుర్తు. ఒకే ఊరి పేరుకు నాలుగు లెక్కలు! రెవ్ కమాండ్‌కు ఇచ్చి తిరగేయమంటే ముందు దిక్కులేని గుడి ఒకటి వచ్చి, దాని వెనక "తపురిత" అని వస్తుంది. లైనక్స్‌లో కనిపించే గ్నూ వాళ్ల కట్ కమాండ్ అయితే చాలా ఏళ్లపాటు అక్షరాలు కోయమన్నా బైట్లే కోసేది, వాళ్ల మాన్యువల్‌లోనే ప్రస్తుతానికి రెండూ ఒకటే అని రాసి ఉండేది.

నాకు వచ్చిన అసలు బాధ ఏమిటంటే, రైతుల పేర్లు తెలుగులో ఉన్న పట్టికను కాలమ్ కమాండ్‌తో వరసగా పేర్చితే టన్నుల అంకెలు మెట్లలాగా దిగుతూ పోతున్నాయి. దాన్ని చూసి, అన్నిటికీ మూలం లెక్కే కదా, డబ్ల్యూసీకి తెలుగు అక్షరాలు లెక్కపెట్టడం నేర్పిద్దాం, కొత్తగా ఎ ఆప్షన్ పెడదాం, ఎ అంటే అక్షరం, అని సంబరపడిపోయి మొదలుపెట్టాను. డబ్ల్యూసీ సోర్సు మొత్తం కొన్ని వందల లైన్లే, ఒక పూట కూర్చుంటే అర్థమవుతుంది. సి భాష ఇంజనీరింగ్‌లో చదివి మర్చిపోయిన నాకే అర్థమైంది.

మధ్యలో ఒక తమాషా. ఎక్కడ తప్పు పోతోందో చూద్దామని ప్రోగ్రామ్ లోపలినుంచి టెంప్ ఫోల్డర్‌లో ఒక లాగ్ ఫైలు రాయించబోయాను. రన్ చేయగానే అబార్ట్ ట్రాప్ అని చచ్చిపోయింది. మళ్లీ చేశాను, మళ్లీ చచ్చింది. గంటసేపు పాయింటర్లన్నీ అనుమానించాను. తీరా చూస్తే మెయిన్ ఫంక్షన్ మొదట్లోనే ప్లెడ్జ్ అని ఒక పిలుపు ఉంది. నేను ఫైళ్లు చదువుతాను, తెరమీద రాస్తాను, ఇంకేమీ చేయను అని ఆ ప్రోగ్రామ్ కెర్నల్‌కు, అంటే సిస్టమ్ గుండెకాయకు, మాటిస్తుందన్నమాట, మాట తప్పితే కెర్నల్ అక్కడికక్కడే చంపేస్తుంది. 2016లో వచ్చిన 5.9 వెర్షన్ నుంచి ఇది ఉంది. కాణిపాకంలో ప్రమాణం చేసి అబద్ధమాడినవాడికి ఏం జరుగుతుందని మా ఊళ్లో చెబుతారో సరిగ్గా అదే జరిగింది నా లాగ్ ఫైలుకు.

మొత్తానికి 140 లైన్ల ప్యాచ్ తయారైంది. నేరుగా పంపేముందు, కాలేజీలో మాకు సీనియర్, చాలా ఏళ్లుగా యూనిక్స్ మీద పనిచేస్తున్న అన్నకు మెయిల్ చేశాను. ఆయన ఫోన్ చేసి మొదట అన్నమాట, "ఏంది నాయనా ఇది, ట్యాబులన్నీ స్పేసులైపోయినాయి, పైగా లైన్లు మధ్యలో విరిగినాయి, ప్యాచ్ కమాండ్‌కు పెడితే మాల్‌ఫార్మ్‌డ్ అని తోసేస్తా ఉంది." బ్రౌజర్‌లో మెయిల్ తెరిచి అందులో పేస్ట్ చేసిన ఫలితం అది. ప్యాచ్‌లో మారని లైను ముందు ఉండే ఒక్క స్పేసు పోయినా మొత్తం చెడిపోతుంది.

సరే, అది సర్దుకుని మళ్లీ పంపితే ఈసారి అసలు ప్రశ్న వేశాడు. "చిత్తూరుకు ఎన్ని అక్షరాలు?"

"మూడన్నా. చి, త్తూ, రు."

"నీ కోడ్ నాలుగంటా ఉందే?"

నిజమే. నేను వాడిన నియమాలు పాతవి, పొల్లు తర్వాత తెంపేస్తాయి, త్ ఒకటి, తూ ఒకటి అవుతాయి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని లిపులకు ఆ నియమం మార్చి, ఒత్తుతో ఉన్నదంతా ఒకటిగా లెక్కపెట్టమన్నారు. అంటే అదే ఫైలుకు, అదే కమాండ్‌కు, నిరుడు ఒక లెక్క, ఈసారి ఇంకో లెక్క. "రేపు ఇంకోటి మారితే? డబ్ల్యూసీ చెప్పిన అంకెను నమ్ముకుని ఎవరో స్క్రిప్టు రాసుకుని ఉంటారప్పా. పైగా నీ ఎ ఆప్షన్ యూనిక్స్ సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం పోసిక్స్‌లో లేదు, పక్క సిస్టమ్‌కు పోతే నీ స్క్రిప్టు ఎర్రర్ కొడుతుంది."

నేను ఊరుకోలేదు. డబ్ల్యూసీలో హెచ్ ఆప్షన్ కూడా పోసిక్స్‌లో లేదుగా, ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు పెట్టుకున్నారుగా అని వాదించాను. దానికి ఆయన, "అది లెక్క మార్చదు, ఉన్న అంకెను కిలోబైట్లలో మెగాబైట్లలో చూపిస్తుంది, అంతే. నీది కొత్త లెక్క పుట్టిస్తా ఉంది" అన్నాడు. రెండు రోజులు కోపంగానే ఉన్నాను. తర్వాత డబ్ల్యూసీని వదిలేశాను. ఆ పని పెర్ల్ భాషలో ఒక్క లైనుతో అవుతుందని కూడా తర్వాతే తెలిసింది.

అయితే ఈ తిప్పలో ఒక మేలు జరిగింది. ఇంకో కమాండ్ మాన్ పేజీ పదేపదే చదువుతుంటే, నాలుగు రోజులు నేను కుస్తీపట్టిన పనికి అక్కడ ఒక చిన్న ఉదాహరణ ఉంటే బాగుండేది కదా అనిపించింది. ఏ కమాండో చెప్పను, చెబితే వెతికి నా మెయిల్ అడ్రస్ పట్టుకుంటారు. ఉదాహరణ రాశాను. మొదట పన్నెండు లైన్లు వచ్చింది. అన్న "ఇంకా తగ్గించు" అన్నాడు. ఆరు. "ఇంకా." చివరికి మూడు లైన్లు. పేరా గుర్తు ఒకటి, ఒక వాక్యం, ఒక కమాండ్. మాన్ పేజీలను చూపించే మాన్‌డాక్ ప్రోగ్రామ్‌లో లింట్ అని తనిఖీ ఉంది, అది తిట్టకుండా ఉండేదాకా సరిచేశాను.

పంపే పద్ధతి కొంచెం పాతకాలంది. సోర్సు సీవీఎస్ అనే పాతకాలపు కోడ్ భాండాగారంలో ఉంటుంది, గిట్‌హబ్‌లో ఉన్నది చూసుకోవడానికి పెట్టిన నకలు మాత్రమే, అక్కడ పుల్ రిక్వెస్ట్ (నా మార్పు తీసుకోండి అనే అర్జీ) పెట్టి చూస్తూ కూర్చోవద్దు. రిలీజ్ వెర్షన్ మీద కాకుండా కరెంట్ అని పిలిచే తాజా సోర్సు మీద మార్పు చేయాలి. డిఫ్ కమాండ్‌తో పాతదానికీ కొత్తదానికీ తేడా చూపే యూనిఫైడ్ డిఫ్ తీసి మెయిల్ లోపలే మామూలు టెక్స్ట్‌గా పెట్టాలి, జిప్ చేసి తగిలించకూడదు. పంపేముందు ఆ మెయిల్ మీకు మీరే పంపుకుని, వచ్చినదాన్ని ప్యాచ్ కమాండ్‌కు పెట్టి చూడండి, నా అనుభవంతో చెబుతున్నాను. డిఫ్ కమాండ్ 1974లో ఐదో ఎడిషన్ యూనిక్స్‌తో బయటికొచ్చింది, ప్యాచ్‌ను 1985లో ల్యారీ వాల్ రాశాడు, ఆయనే రెండేళ్లకు పెర్ల్ కూడా చేశాడు. ఫైలంతా పంపకుండా మారిన లైన్లే పంపే ఏర్పాటు అప్పటినుంచీ ఇదే. దీని దాయాది సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ వాళ్లు గిట్‌హబ్‌లో కూడా తీసుకుంటారు, కొత్తవాళ్లకు అది సులువు. గ్నూ కోర్‌యుటిల్స్‌కు (కట్, డబ్ల్యూసీ లాంటి గ్నూ కమాండ్ల మూటకు) పెద్ద మార్పు పంపితే కాపీరైట్ కాగితాల పని ఉంటుంది, చిన్నవాటికి ఉండదు. ఇక్కడ ఆ కాగితాలు లేవు, కానీ ఒక డెవలపర్‌కు నచ్చి, ఇంకో డెవలపర్ కూడా ఓకే అంటే గానీ సాధారణంగా లోపలికి పోదు.

తొమ్మిది రోజులు ఏమీ లేదు. ఇలాంటప్పుడు గోల చేయకూడదట, రెండు వారాలు ఆగి మర్యాదగా ఒకసారి గుర్తుచేయాలట. పదో రోజు ఉదయం లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే ఫోన్‌లో చూశాను, ఎక్కింది. నా వాక్యంలో రెండు పదాలు కోసేసి మరీ ఎక్కించారు. ఆ రెండు పదాలు నిజంగానే అక్కర్లేదు. టీ చల్లారిపోయింది, ఇంకోటి చెప్పాను.

రేటింగ్ అడిగితే అయిదుకు నాలుగు. మాన్ పేజీలకే మూడు ఇచ్చేస్తాను, పాత లాప్‌టాప్ మీద కదలకుండా పనిచేస్తున్నందుకు ఇంకొకటి. టెర్మినల్‌లో తెలుగు చూసినప్పుడల్లా కళ్లు నొప్పెడుతున్నాయి కాబట్టి ఒకటి కోత. ఆటలాడేవాళ్లు, వీడియో ఎడిటింగ్ వాళ్లు దీని జోలికి రావద్దు. ఒక కమాండ్ లోపల ఏముందో తెరిచి చూడాలనే దురద ఉన్నవాళ్లు ఒక ఆదివారం పెట్టుకోండి.

మెట్లలాగా దిగిన టన్నుల అంకెల సంగతి మిగిలింది. దానికి ప్యాచ్ అక్కర్లేకపోయింది, రైతు పేరును తీసుకెళ్లి చివరి గడిలో పెట్టాను. దాని తర్వాత ఇంకేమీ లేదు కాబట్టి అది ఎంత వంకరపోయినా అంకెలు కదలవు. బావకు మాత్రం నచ్చలేదు.

"పేరు ముందు కదరా ఉండాల్సింది, చివర్లో ఎందుకు పెట్టినావు?"

"కంప్యూటర్లో అట్లే వస్తుంది బావా" అన్నాను.